మోటారు బండి పొగగొట్టం: శక్తికీ శబ్దానికీ నడుమ

పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీ ఖాన్ పేరు మీదుగా పెట్టిన పేరది. ఆ ప్రభువు తన చివరి రోజుల్లో ఇంగ్లండులోని రోల్సు-రాయిస్ కంపెనీ వారికి ఒక మోటారు కారు కావాలని కబురు పెట్టాడు. బండి తయారై రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన కాలధర్మం చెందాడు. 1912లో అది హైదరాబాదు చేరేనాటికి గద్దె మీద ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ ఆలీ ఖాన్ ఉన్నాడు. పసుపు రంగు దేహం, వెనుక భాగాన సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం గల ఆ కారు ఊరేగింపులలో కొద్ది వందల మైళ్ళు మాత్రమే తిరిగింది. ఇప్పుడది హైదరాబాదు చౌమహల్లా భవనంలో ప్రదర్శనకు ఉన్నది.

చూడవచ్చిన వారంతా దాని ఆసనాన్నీ, దీపాలనూ చూసి మురిసి వెళ్ళిపోతారు. విజ్ఞానశాస్త్ర దృష్టితో చూచేవారు మాత్రం ఒకసారి వంగి బండి అడుగుభాగం చూడాలి. ఇంజను నుండి వెనుకకు పోయే గొట్టం ఒకటి అక్కడ ఉంటుంది. ఆ కాలానికి అది మహా బలమైన బండి. ఆరు సిలిండర్లు, మొత్తం 7,428 ఘనపు సెంటీమీటర్ల పరిమాణం. 40/50 అశ్వశక్తి తరగతిగా కంపెనీ దానిని అమ్మింది. అయినా ఆ తరగతి బండ్లకు వచ్చిన పేరు “సిల్వర్ ఘోస్ట్”, అనగా “వెండి దయ్యం”. దయ్యం అనడంలో ఉద్దేశం భయపెట్టడం కాదు, చప్పుడు లేకుండా వచ్చిపోవడం. 1907లో ఆ పేరు మొదట ధరించిన బండిని ఇంగ్లండులో రేయింబవళ్ళు సుమారు 15,000 మైళ్ళు నడిపి చూపించారు. నడిపినవారు గొప్పగా చెప్పుకొన్న గుణాలలో నిశ్శబ్దం ఒకటి.

ఇది నేటి యువకులకు వింతగా తోచవచ్చును. బండి ఎంత అరిస్తే అంత బలమున్నదని చాలమంది నమ్మకం. వందలాది అశ్వశక్తి గల కారు కొన్నవాడు మొదట చేయించే మార్పు వెనుక గొట్టం మార్చడమే. మెకానిక్కులు ఆ గొట్టాన్ని మొదలు నుండి చివర దాకా కలిపి “సైలెన్సరు” అనే అంటారు. చప్పుడు పెంచడానికి బిగించినదానికి కూడ అదే పేరు కావడం తమాషా. ఏ గొట్టం ఎంచుకోవాలన్న ప్రశ్నకు సమాధానం దుకాణంలో వినిపించే మోతలో లేదు. నూరేళ్ళకు పైబడిన ఒక చరిత్రలో ఉన్నది.

మొదట ఆ గొట్టంలో జరిగేదేమిటో చూడాలి. నాలుగు ఘాతాల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి వాయువును బయటికి వదులుతుంది. నిజాము గారి బండి వంటిది నిమిషానికి 1,250 చుట్లు తిరిగితే, ఆరు సిలిండర్లూ కలిసి నిమిషానికి 3,750 సార్లు, అనగా సెకనుకు 62 సార్లకు పైగా ఊపిరి విడుస్తాయి. పీల్చిన గాలి లెక్క వేస్తే నిమిషానికి సుమారు 4,600 లీటర్లు. వేడిచేత వ్యాకోచించి గొట్టంలో అది రెండు మూడు రెట్లవుతుంది. ఎగ్జాస్టు కవాటం తెరుచుకొనే క్షణాన సిలిండరులోని పీడనం బయటి వాతావరణ పీడనానికి కొన్ని రెట్లు ఉంటుంది. కాబట్టి వాయువు మెల్లగా కారదు, సీసా బిరడా ఊడినట్లు ఒక్క పెట్టున దూకుతుంది. ఆ దూకుడే శబ్దం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతులకు ఈ విషయం వేరొక యంత్రం వల్ల బాగా తెలుసు. మోట పోయి కరెంటు మోటారు వచ్చేలోగా, మెట్ట బావుల మీద ఆయిలింజన్లు నడిచిన కాలం ఒకటున్నది. ఒకే సిలిండరు గల ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరిగితే నిమిషానికి 325 దెబ్బలు, సెకనుకు ఐదు మాత్రమే. చెవి ఆ దెబ్బలను విడివిడిగా వినగలదు. అందుకే అది “ఠప్ ఠప్” మంటుంది. ఏ పొలంలో ఇంజను నడుస్తున్నదో, దాని మీద బరువెంత పడుతున్నదో ఇంటి అరుగు మీద కూర్చున్న రైతు చెప్పగలిగేవాడు. దెబ్బలు సెకనుకు ఇరవై దాటితే చెవికి అవి కలిసిపోయి ఒక స్వరమవుతాయి. ఆరు సిలిండర్ల బండి సాఫీగా మూలగడానికి సగం కారణం ఇదే. మిగతా సగం గొట్టంలోని పనితనం.

వదిలేసిన వాయువు చేత పని చేయించవచ్చునని మొదట తెలిసినది మోటారు బండి వారికి కాదు, రైలు బండి వారికి. 1804లో రిచర్డు ట్రెవితిక్ తన ఇంజను వదిలే ఆవిరిని పొగగొట్టంలోకి తిప్పాడు. పైకి దూసుకుపోయే ఆవిరి తనతోపాటు పొగను లాగుకుపోతుంది. అందువల్ల పొయ్యిలోకి కొత్త గాలి జోరుగా వచ్చి మంట పెరుగుతుంది. బండి ఎంత కష్టపడితే అంత ఆవిరి, అంత గాలి, అంత మంట. సికిందరాబాదు నుండి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా పోయిన మీటరు గేజి దారిలో పొగబండ్లు “ఛుక్ ఛుక్” మన్నది ఈ ఏర్పాటు వల్లనే. ఆ గొట్టం మూతి సన్నమైతే గాలి బాగా లాగుతుంది కాని, పిస్టను వెనుక ఆవిరి నిలిచిపోయి శక్తి హరించుకుపోతుంది. మూతి వెడల్పయితే పిస్టనుకు సుఖమే, మంటకు గాలి చాలదు. ఈ చిక్కును రైలు ఇంజనీర్లు నూరేళ్ళకు పైగా లెక్కలు వేస్తూనే ఉన్నారు. మోటారు బండికి అదే చిక్కు వారసత్వంగా వచ్చింది.

తొలినాటి మోటారు బండ్లకు చప్పుడే పెద్ద శత్రువు. గుఱ్ఱాలు బెదిరేవి, జనం తిట్టేవారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ పట్టణానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ సోదరులు 1897లో ఇంజను శబ్దాన్ని అణచే ఒక పెట్టెకు పేటెంటు పొందారు. దాని సూత్రం తేలిక. ఇరుకు గొట్టం నుండి వాయువు ఒక వెడల్పు గదిలోకి వచ్చి వ్యాకోచిస్తుంది, అడ్డుపలకల నడుమ దారి తిరుగుతుంది, దూకుడు తగ్గి బయటపడుతుంది. తరువాత కొన్నేళ్ళకు హైరం పెర్సీ మాగ్జిమ్ తుపాకీకి సైలెన్సరు చేసి, అదే ఆలోచనను ఇంజనులకు కూడ వర్తింపజేశాడు. మర ఫిరంగి చేసి లోకాన్ని చెవిటి చేసిన హైరం స్టీవెన్స్ మాగ్జిమ్‌కు ఆయన సాక్షాత్తు కుమారుడు!

అయితే ఆనాటి సైలెన్సర్లు మోటు వస్తువులు. వాయువుకు అడ్డు తగిలి శక్తిని తినేవి. అందుచేత చాలా బండ్లకు “కటౌటు” అనే తలుపు ఒకటి పెట్టేవారు. ఊళ్ళో నడిచేటప్పుడు తలుపు మూసి ఉంటుంది. ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు డ్రైవరు కాలితో ఒక మీట నొక్కితే అది తెరుచుకొని, వాయువు సైలెన్సరులోకి పోకుండా నేరుగా బయటపడుతుంది. కొందరు ఎత్తు లేకపోయినా నొక్కేవారు. క్రమంగా అనేక నగరాలు కటౌటును నిషేధించాయి. శబ్దం వేరు, శక్తి వేరు అన్న సంగతి మరుగున పడడానికి ఈ తలుపే కారణమనవచ్చును. తలుపు తెరిస్తే రెండూ ఒకేసారి పెరిగేవి కదా! చూచినవాడు ఒకదానికి ఇంకొకటి కారణమనుకొన్నాడు.

పందెపు బండ్ల వారు మరికొంత కాలం స్వేచ్ఛగా మోత మోగించారు. ఇంగ్లండులో 1907లో బ్రూక్‌లాండ్స్ అనే పందెపు బాట తెరుచుకొన్నది. ఆ యేడే ఎస్. ఎఫ్. ఎడ్జ్ అనే ఆయన ఆరు సిలిండర్ల నేపియర్ కారును అక్కడ 24 గంటలు ఏకధాటిగా నడిపాడు. ఇరుగుపొరుగు వారు ఊరుకోలేదు. తగవులు కోర్టుల దాకా పోయాయి. చివరకు 1920ల నడుమ ఆ బాట మీద ప్రతి బండీ పెద్ద డబ్బా వంటి సైలెన్సరు, చేప తోక వంటి మూతి గల గొట్టం బిగించుకొని తీరాలని నిబంధన వచ్చింది. పందెం వారు ముందు గొణిగారు. తీరా చూస్తే, డబ్బా తగినంత పెద్దదైతే పోయే వేగం అతిస్వల్పమని తేలింది. శక్తిని తినేది నిశ్శబ్దం కాదు, ఇరుకుతనం. ఈ నిజం బయటపడడానికి పందెగాళ్ళ తెలివి కంటె పొరుగువారి ఫిర్యాదు ఎక్కువ ఉపకరించింది.

మన ప్రాంతానికి యంత్రపు బండి సామాన్యుడి వాహనంగా వచ్చినది 1932లో. ఆ యేడు జూన్‌లో నిజాము రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు వాటిలోవి. ఆ శాఖే చేతులు మారి, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థలో కలిసింది. బస్సుకు కావలసినది పందెపు బండికి కావలసినదానికి సరిగా వ్యతిరేకం. నిండు బరువుతో, మెల్లని చుట్ల మీద, గంటల తరబడి లాగాలి. గొట్టం తుప్పు పట్టకుండా ఏళ్ళు నిలవాలి. ఒకే ఇంజను శాస్త్రం నుండి రెండు వేరు గొట్టాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే తరంగాల సంగతి కొంత చెప్పుకోవాలి.

కవాటం తెరుచుకొన్నప్పుడు వాయువుతోపాటు ఒక పీడన తరంగం కూడ బయలుదేరుతుంది. వాయువు కంటె తరంగం వేగంగా పోతుంది. మామూలు గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వాయువులో అది సుమారు 550. ఆ తరంగం గొట్టం తెరపి మూతిని చేరగానే తలకిందులై, లాగే తరంగంగా మారి వెనుకకు వస్తుంది. బావిలోకి అరిస్తే ప్రతిధ్వని వచ్చినట్లే, కాని ఇక్కడ తిరిగి వచ్చేది తోపు కాదు, పీల్పు. ఆ పీల్పు సరిగ్గా కవాటం మూసుకోబోయే క్షణాన సిలిండరు వద్దకు చేరితే, లోపల మిగిలిన మసి వాయువును ఊడ్చి, కొత్త గాలిని లోనికి లాగుతుంది. ఒక్క నయాపైస ఖర్చు లేకుండా, కదిలే భాగం ఒక్కటి లేకుండా ఇంజను బలం పెరుగుతుంది. క్షణం తప్పితే పెరగదు సరికదా, తరుగుతుంది.

లెక్క కూడ కష్టమైనది కాదు. తరంగం బలంగా బయలుదేరిన క్షణం నుండి పీల్పు అవసరమయ్యే క్షణం దాకా క్రాంకు 120 డిగ్రీలు తిరుగుతుందనుకొందాం. నిమిషానికి 3,000 చుట్ల వద్ద ఆ వ్యవధి సెకనులో 150వ వంతు. అంతలో తరంగం సుమారు 3.7 మీటర్లు పోగలదు. పోయి రావాలి కాబట్టి గొట్టం అందులో సగం, సుమారు 1.8 మీటర్లు ఉండాలి. 6,000 చుట్ల వద్ద 0.9 మీటర్లు చాలు. చుట్లు రెట్టింపయితే గొట్టం సగమన్నమాట. అన్ని వేగాలకూ సరిపోయే గొట్టం లేదు. 7,000 చుట్ల వద్ద ఉరకలు వేయించే పొట్టి గొట్టం 2,000 వద్ద బండిని నీరసపరుస్తుంది. పొడుగు గొట్టం ఆ లోపాన్ని తీర్చి పైవేగంలో చేయి ఇస్తుంది. అందుకే నాలుగు సిలిండర్ల గొట్టాలను నేరుగా ఒకదానిలో కలిపితే ఎక్కువ చుట్లకు, రెండేసి కలిపి ఆ రెండింటిని మళ్ళీ ఒకటిగా కలిపితే నడిమి చుట్లకు మేలని అనుభవం చెబుతుంది.

ఈ తరంగ విద్యను పరాకాష్ఠకు చేర్చినవాడు తూర్పు జర్మనీలోని ఎం. జడ్. మోటారుసైకిళ్ళ కర్మాగారపు ఇంజనీరు వాల్టర్ కాడెన్. రెండు ఘాతాల ఇంజనుకు కవాటాలు లేవు. కొత్త మిశ్రమం లోనికి వస్తూనే కొంత బయటికి జారిపోతుంది. కాడెన్ 1950లలో గొట్టాన్ని మొదట గరాటు వలె విప్పి, మళ్ళీ చివర సన్నం చేశాడు. విప్పిన భాగం నుండి పీల్పు తరంగం వచ్చి మసిని లాగుతుంది. వెనువెంటనే సన్నని భాగం నుండి తోపు తరంగం వచ్చి, జారిపోయిన మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెట్టుతుంది. 1961 నాటికి ఆయన 125 ఘనపు సెంటీమీటర్ల ఇంజను 25 అశ్వశక్తి ఇచ్చింది. లీటరుకు 200 అన్న లెక్క. అదే యేడు ఆ జట్టు రౌతు ఎర్నెస్ట్ డెగ్నర్ తూర్పు జర్మనీ నుండి పారిపోయి జపానులోని సుజుకి కంపెనీలో చేరాడు. గొట్టపు రహస్యం అతనితో వెళ్ళింది. మన దేశంలో 1985లో వచ్చి పదకొండేళ్ళు తయారైన యమహా ఆర్. ఎక్స్. 100 ను ఇప్పటికీ ప్రేమగా కాపాడుకొనేవారు తెలంగాణ పల్లెల్లో ఉన్నారు. దాని పొట్టలావు గొట్టం ఆ కుటుంబానికి చెందినదే. లోపలి భాగం తీసివేస్తే చప్పుడు పెరిగి లాగుడు తగ్గుతుందని వారిలో అనుభవజ్ఞులకు తెలుసు.

ఎనిమిది సిలిండర్ల బండ్లకు మరొక చిక్కున్నది. రెండు వరుసలలో నాలుగేసి సిలిండర్లుంటాయి. సాధారణ అమెరికను ఇంజనులో ఒకే వరుసలోని రెండు సిలిండర్లు వెంటవెంటనే ఊపిరి విడిచే ఘట్టం వస్తుంది. ఒకదాని తోపు రెండవదానికి అడ్డు తగులుతుంది. ఆ బండ్ల గరగర శబ్దానికి మూలం ఇదే. 1960ల నడుమ ఫోర్డు కంపెనీ వారు తమ జి. టి. 40 పందెపు కారులో ఈ వరుస గొట్టాలను ఆ వరుసలోకి, ఆ వరుసవి ఈ వరుసలోకి దాటించి, దెబ్బలు సమాన వ్యవధిలో వచ్చేలా కలిపారు. చూడడానికి అది పాముల మూట వలె ఉంటుంది, పేరు కూడ అదే పడింది. గరగర పోయి సన్నని రాగం వచ్చింది. అంత మెలికల గొట్టం మామూలు కారులో ఇరికించడం కష్టం. అందుచేత నేటి బండ్లలో రెండు వరుసల గొట్టాల నడుమ అడ్డంగా ఒక కలుపు పెట్టి సరిపుచ్చుతారు.

ఇక వ్యాసం సంగతి. 500 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను పూర్తి బలంతో నడిచినప్పుడు, 700 డిగ్రీల వేడి మీద సెకనుకు ఒక ఘనపు మీటరుకు పైగా వాయువు వదులుతుంది. ఇంటి మీది వేయి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఒక్క సెకనులో ఖాళీ అయినట్లు. అది ఒకే 7.5 సెంటీమీటర్ల గొట్టంలో పోవాలంటే సెకనుకు 260 మీటర్ల వేగం కావాలి. రెండు గొట్టాలు పెడితే 130 చాలు. గొట్టం వ్యాసం సగం చేస్తే వేగం నాలుగింతలు, పీడన నష్టం పదహారింతలు దాటుతుంది. ఇంత బలమున్న బండికి ఇరుకు గొట్టం నిజంగానే నష్టం. కాని 100 అశ్వశక్తి గల బండికి అదే లావు గొట్టం బిగించడం, కుండెడు నీళ్ళకు చెరువు తూము తవ్వినట్లు. అక్కడ పోయే నష్టమే లేదు, ఏమి మిగులుతుంది?

ఇంజనుకు కొంత “వెనుక పీడనం” అవసరమని చెప్పే మెకానిక్కులు కొందరున్నారు. అది సరికాదు. ఏ ఇంజనూ తన ముక్కు ఎవరైనా మూయాలని కోరదు. లావు గొట్టం పెట్టినప్పుడు తక్కువ చుట్ల వద్ద లాగుడు తగ్గడం నిజమే. దానికి కారణం పీడనం తగ్గడం కాదు. వాయువు వేగం పడిపోయి, తరంగాల వేళ తప్పడం.

టర్బో గల బండ్లలో ఈ లెక్క కొంత మారుతుంది. పెట్రోలు ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతు గొట్టం దారినే వృథా పోతుంది. ఆ దండుగలో కొంత రాబట్టుకోవాలని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో ఒక పేటెంటు తీసుకొన్నాడు. పోయే వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది మరొక చక్రం కొత్త గాలిని నొక్కి సిలిండరులోకి నింపుతుంది. 1918లో అమెరికను ఇంజనీరు సాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానపు ఇంజనును 14,000 అడుగులకు పైబడిన పైక్స్ శిఖరం మీదికి మోయించాడు. అక్కడి పలుచని గాలిలో మూడో వంతు బలం కోల్పోయిన ఇంజను, టర్బో తగిలించగానే సముద్రమట్టాన ఇచ్చిన శక్తినే మళ్ళీ ఇచ్చింది. టర్బో చక్రం దెబ్బలను ముక్కలు చేస్తుంది కాబట్టి శబ్దం కూడ తగ్గుతుంది. చక్రం దాటిన తరువాత గొట్టం పొడవుతో తరంగాల ఆట ఆడి ప్రయోజనం తక్కువ. అక్కడ కావలసినదల్లా అడ్డు లేని విశాలమైన దారి. టర్బో బండి యజమాని డబ్బు ఖర్చు చేయదలిస్తే చక్రం పక్కనున్న మొదటి మూర గొట్టం మీద చేయాలి. చాలమంది కంటికి కనిపించే చివరి మూర మీద చేస్తారు.

శబ్దం ఒక్కటే అయితే ఈ కథ ఇక్కడ ముగిసేది. గొట్టంలో విషం కూడ ఉన్నదని లోకానికి ఆలస్యంగా తెలిసింది. 1950ల తొలినాళ్ళలో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లాస్ ఏంజలస్ నగరాన్ని కప్పే కళ్ళు మండే మంచుపొగకు మోటారు బండ్ల వాయువులే మూలమని నిరూపించాడు. ప్లాటినం వంటి లోహాల మీదుగా వాయువును పోనిచ్చి, కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా మార్చే ఉత్ప్రేరక పెట్టెలు అమెరికా కార్లలో 1975 నుండి విరివిగా వచ్చాయి. ఆ లోహపు పూతను సీసం పాడు చేస్తుంది. కనుక పెట్రోలులో సీసం కలపడం మానవలసి వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు ఈ పెట్టె తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలే మిగిలింది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆమ్లజని స్థానాన్ని ఆక్రమించి మనిషిని నిద్రలోనే చంపగలదు. “అడ్డుగా ఉన్నది, తీసివేస్తే అయిదు అశ్వశక్తి పెరుగుతుంది” అని ఉత్ప్రేరక పెట్టెను కోయించే యజమాని, మార్కెటులో తన బండి వెనుక నిలబడ్డ సోడాబండివాడి ఊపిరితిత్తులలో నుండి ఆ అయిదు అశ్వశక్తినీ తీసుకొంటున్నాడు. యంత్రానికి కూడ అది మంచిది కాదు. గొట్టంలో ఆమ్లజనిని కొలిచే పరికరం ఒకటి ఉంటుంది. దాని సమాచారం పట్టి కంప్యూటరు పెట్రోలు పాలు నిర్ణయిస్తుంది. దానికి ముందు అతుకులో సన్నని సందు ఉన్నా, దెబ్బకు దెబ్బకు నడుమ బయటి గాలి లోనికి చొరబడుతుంది. పరికరం మోసపోతుంది, ఇంజను అనవసరంగా పెట్రోలు తాగుతుంది.

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రహదారి డిండి దాటి, మన్ననూరు వద్ద నల్లమల అడవిలో ప్రవేశిస్తుంది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు మించి వ్యాపించిన ఆమ్రాబాదు పులుల అభయారణ్యం అది. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు అక్కడ బండ్ల రాకపోకలు నిలిపివేస్తారు. పగలు మాత్రం నగరం నుండి వచ్చే శక్తిమంతమైన కార్లకూ, మోటారుసైకిళ్ళకూ ఆ మలుపులు ముద్దు. జింక చెవికి తన బ్రతుకుతెరువు వినికిడే. ఎండుటాకు మీద పులి అడుగు చప్పుడు వినడమా, గొట్టపు మోత వినడమా అన్నది దానికి వేడుక కాదు. అడవి చెంచులకు కూడ ఇల్లే.

చట్టం ఈ విషయంలో నిద్రపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ప్రతి బండికీ శబ్దాన్ని సాధ్యమైనంత తగ్గించే సైలెన్సరు ఉండాలి. వాయువు నేలకేసి గాని, ఎడమ వైపుకు గాని విడువరాదు. మన రోడ్ల మీద పాదచారి నడిచేది ఎడమ అంచునే గనుక ఈ నియమం వ్రాసినవారు మనుషులను తలుచుకొనే వ్రాశారనవచ్చును. 2005 ఏప్రిల్ నుండి కొత్తగా తయారయ్యే చిన్న కార్లకు శబ్ద పరిమితి 74 డెసిబెల్లు, 175 ఘనపు సెంటీమీటర్లు మించిన మోటారుసైకిళ్ళకు 80. శబ్ద ప్రమాణం మీరినవారికి 2019 సవరణ తరువాత 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడ పడవచ్చును. తెలంగాణ పట్టణాలలో పోలీసులు మోత గొట్టాలను ఊడదీయించి, వరుసగా రోడ్డు మీద పేర్చి, రోడ్డు రోలరు చేత తొక్కించడం ఈమధ్య తరచు కనిపించే దృశ్యం.

అయితే గొట్టం మార్చడమే తప్పా? కాదు. మంచి గొట్టం ఎంచుకొనేవారు చూడవలసినది వేరు. బండి ఏ చుట్ల మధ్య ఎక్కువ కాలం నడుస్తుందో మొదట తేల్చుకోవాలి. జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు పోయే నాలుగు వరుసల దారిలో కూడ బండి సాధారణంగా 2,000, 3,000 చుట్ల మధ్యనే తిరుగుతుంది. 7,000 చుట్ల వద్ద లభించే లాభం అక్కడ ఎవరికీ అందదు. అమ్మేవాడు చూపే అత్యధిక శక్తి అంకె చూచి మురియకుండా, చక్రాలను రోలర్ల మీద తిప్పి కొలిచిన రేఖాపటం అడగాలి. పాత గొట్టంతో ఒక రేఖ, కొత్త గొట్టంతో ఒక రేఖ, ఒకే రోజున, ఒకే వేడిలో. అడుగు రేఖ కింద తగ్గి కొసన పెరిగితే అది పందెపు గొట్టం, ఇంటిది కాదు.

లోహం కూడ ముఖ్యమే. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. గొట్టం బాగా వేడెక్కితే అది ఆవిరిగా పోతుంది. ఊళ్ళోనే రెండు మైళ్ళు తిరిగి ఆపేసే బండిలో నీరు డబ్బా అడుగున నిలిచి, మామూలు ఉక్కును లోపలి నుండి తింటుంది. తుప్పు పట్టని ఉక్కు దీనికి తట్టుకొంటుంది. అయితే అది వేడికి మామూలు ఉక్కు కంటె ఎక్కువ సాగుతుంది. మూడు మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు పొడుగవుతుంది. దానిని రబ్బరు తొడుగులతో వేలాడదీయకుండా బండి చట్రానికి బిగదీసి అతికితే, కొద్ది నెలల్లో అతుకు చీలడం ఖాయం.

కటౌటు తలుపు నూరేళ్ళ తరువాత మళ్ళీ వచ్చింది. నేటి అధిక శక్తి కార్లలో కాలి మీటకు బదులు కంప్యూటరు దానిని నడుపుతుంది. తక్కువ చుట్ల వద్ద ఒక కవాటం మూసుకొని, వాయువును సైలెన్సరు గదుల గుండా పొడుగు దారిన పంపుతుంది. చుట్లు పెరిగి వాయువు ముమ్మరమైనప్పుడు కవాటం తెరుచుకొని అడ్డదారి ఇస్తుంది. తక్కువ వేగానికి ఒక గొట్టం, ఎక్కువ వేగానికి మరొక గొట్టం ఒకే బండిలో దొరికినట్లయింది. 500 అశ్వశక్తి కారు నల్లగొండ గడియార స్తంభం దగ్గర కూరగాయల బండ్ల నడుమ గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, సాధారణంగా ఆ కవాటం మూసుకొనే ఉంటుంది.